బారులో దయ్యము: మాదాపూర్ సంఘకాపరికి ఎదురగు ఒక ప్రశ్నపై బైబిలు పరిశీలన

పరిచయము

మాదాపూర్‌లో ఒక చిన్న సంఘమును కాయుచున్న సేవకుని మన ఎదుట నిలుపుకొందము. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత, దగ్గరలోని ఒక బారులో వడ్డన పని చేయు యౌవనుడు ఆయన యొద్దకు వచ్చి, "పాస్టరుగారూ, మా బారు పై అంతస్తులో ఏదో ఉందండి. రాత్రి పడుకుంటే గుండెల మీద కూర్చుంటోంది. అక్కడ ఒకాయన చనిపోయాడంట. మీరొకసారి వచ్చి ప్రార్థన చేసి నూనె చల్లితే పోతుందేమో. మా సేటు కూడా రమ్మన్నాడు, కానుక ఇస్తానన్నాడు" అని అడిగెను. ఇది ఊహించి చెప్పిన సందర్భము, ఏ ఒక్క బారును గూర్చియు చెప్పినది కాదు. అయినను నగరములో పరిచర్య చేయువారికి ఇది కొత్త కాదు. బారు, అద్దె ఇల్లు, హాస్టలు, ఆఫీసు మెట్లు, ఇట్లు ఏదో ఒక చోటును గూర్చి ఇటువంటి మాట వారి చెవిని పడుచునే యుండును.

ఆ సేవకుడు ఏమి చేయవలెను? "దయ్యము లేదు, గియ్యము లేదు" అని నవ్వి పంపివేయవచ్చును. లేదా నూనెసీసా తీసికొని వెంటనే బయలుదేరవచ్చును. ఈ రెండు మార్గములలోను ఆ యౌవనుడు చెప్పినదానిలో ముఖ్యమైనది విడిచిపెట్టబడుచున్నదని మా అభిప్రాయము. 'దయ్యము' అను మాటను వాక్యము ఏ అర్థములో వాడుచున్నది, మన ప్రజలు ఏ అర్థములో వాడుచున్నారు, ఈ తేడా తెలిసిన కాపరి ఆ బారు మెట్లెక్కినప్పుడు ఎవరిని వెదకవలెను అను మూడు సంగతులను ఈ వ్యాసములో పరిశీలింతము.

1. మాదాపూర్ నేల, దానిపై కథలు

మాదాపూర్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలోని బండరాళ్ల మధ్య పల్లె. దాని ప్రక్కనున్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలములో గోల్కొండ కోటకు నీరందించినది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ పల్లె రూపమే మారిపోయెను. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ వరకు వచ్చెను. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన తెరువబడెను. ఒక్క తరములోనే పొలములు, గుట్టలు, పాత సమాధుల దిబ్బలు అద్దాల మేడల మధ్య ఇరుకున పడిపోయినవి.

ఇంత వేగముగా మారిన నేలమీద కథలు పుట్టుట సహజము. ఈ ప్రాంతములోని ఒక పెద్ద విద్యాసంస్థ ప్రాంగణము శ్మశానముపై కట్టబడెనను ప్రచారము చాలాకాలముగా ఉన్నది. ఇటువంటి ప్రచారమునకు రుజువు అవసరముండదు. "అంట" అను ఒక్క మాట చాలును. 1990లలో మన ఊళ్లలో తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసికొన్న సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. రాత్రివేళ తలుపు తట్టు ఆడదయ్యము ఆ వ్రాత చదువుకొని మరల రేపు వచ్చునని వారి నమ్మకము. నేడు పెద్ద పెద్ద బారుల గుమ్మములకు వ్రేలాడు నిమ్మకాయలు, మిరపకాయలు, బూడిద గుమ్మడికాయలు కూడ అదే భయమునకు కొత్త చిరునామాలు. పల్లె పోయినది గాని పల్లె భయము పోలేదు. అది లిఫ్టు ఎక్కి పై అంతస్తునకు వచ్చినది.

బారునకు ఇటువంటి పేరు వచ్చుట మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున వైల్డర్ అను ఊరిలో బాబీ మాకీ అను గాయకుడు 1978లో తెరచిన సంగీతశాల, బారు దయ్యముల పేరుతోనే ప్రసిద్ధికెక్కెను. 1896లో ఆ ప్రాంతమున హత్యకు గురైన పెర్ల్ బ్రయన్ అను యౌవనస్త్రీ ఆత్మ అక్కడ తిరుగుచున్నదని చెప్పుకొనిరి. ఇక్కడ దయ్యము వ్యాపారమును పోగొట్టలేదు, పెంచినది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో సోదె చెప్పు చిన్నదాని వలన ఆమె యజమానులకు లాభము కలుగుచుండెను; ఆమెకు విడుదల కలిగినప్పుడు వారు సంతోషింపక, లాభము పోయెనని పౌలును సీలను పట్టుకొనిరి. కాబట్టి ఒక చోటికి దయ్యము పేరు వచ్చినప్పుడు, ఆ పేరు వలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము అని అడుగుట అవిశ్వాసము కాదు, వివేకము.

2. 'దయ్యము' అను మాట

తెలుగు వ్యాకరణము చదివినవారికి దయ్యము అను మాట 'దైవము' అను సంస్కృత పదమునకు వికృతి అని తెలియును. అనగా మొదట దానిలో చెడు అర్థము లేదు. గ్రీకులో 'దైమోనియోన్' అను మాటకు కూడ ఇట్టి చరిత్రయే కలదు. లోక సంబంధమైన గ్రీకులో అది దేవతను, దైవిక శక్తిని సూచించు మాట. అపొస్తలుల కార్యములు 17:18లో ఏథెన్సు వారు పౌలును గూర్చి మాటలాడినప్పుడు వాడినది ఈ మాటనే. మన పాత తెలుగు అనువాదములో అక్కడ "అన్యదేవతలు" అని ఉన్నది. అదే గ్రీకు మాటను 1 కొరింథీయులకు 10:20లో "దయ్యములు" అని అనువదించిరి. రెండును సరియైన అనువాదములే. 'దైవము' దిగజారి 'దయ్యము' అయినట్లే ఆ గ్రీకు మాటయు దిగజారినది. మన అనువాదకులు ఎన్నుకొన్న పదము ఎంత తగినదో దీనిని బట్టి తెలియుచున్నది.

అయితే చిక్కు మరియొక చోట ఉన్నది. నేటి వాడుక తెలుగులో దయ్యమనగా చనిపోయిన మనిషి ఆత్మ. ఉరివేసికొన్నవాడు, ప్రమాదములో పోయినవాడు, కోరిక తీరక చనిపోయినది, ఇట్టివారు దయ్యములై తిరుగుదురని మన ప్రజల నమ్మకము. సువార్తలలో 'దైమోనియోన్' ఈ అర్థములో వాడబడలేదు. అది దేవునికి విరోధమైన అపవిత్రాత్మ. చనిపోయిన మనిషి కాదు. చనిపోయినవాని నీడవంటి రూపము అను భావము వచ్చినచోట సువార్తికులు వేరు మాటలు వాడిరి. శిష్యులు నీళ్లమీద నడచుచున్న యేసును చూచి జడిసినప్పుడు (మత్తయి 14:26) గ్రీకులో 'ఫాంతస్మ' అని ఉన్నది, తెలుగులో "భూతము". పునరుత్థానుడైన ప్రభువును చూచి వారు భయపడినప్పుడు (లూకా 24:37) గ్రీకులో 'న్యూమ', అనగా ఆత్మ, అని ఉండగా అక్కడను మన అనువాదకులు "భూతము" అనియే వ్రాసిరి. దయ్యము, భూతము అను ఈ తేడాను మన బైబిలు జాగ్రత్తగా కాపాడినది. ప్రసంగవేదికమీద మనమే దానిని కలిపివేసితిమి.

దీని ఫలితము చిన్నది కాదు. బారు యౌవనుడు "అక్కడ దయ్యమున్నది" అన్నప్పుడు, చనిపోయిన ఒక మనిషి అక్కడ తిరుగుచున్నాడని అతని భావము. కాపరి సువార్తలలోని దయ్యములను గూర్చి తలంచుకొని "అవునా, వెళ్లగొట్టుదము" అని లేచినయెడల, తాను ఎరుగకయే చనిపోయిన ఆ మనిషిని అపవిత్రాత్మగా మార్చివేయుచున్నాడు. ఆ చనిపోయినవానికి భార్యాబిడ్డలు ఉన్నయెడల వారికి ఆ మాట ఎట్లుండునో ఆలోచింపవలెను.

3. చనిపోయినవారు తిరుగులాడుదురా?

అకాల మరణము పొందినవారు భూమిమీద తిరుగుదురను నమ్మకము మన తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. రోమా సామ్రాజ్యములోను అది బలముగా ఉండెను. సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున కార్తేజులో నివసించిన తెర్తుల్లియను 'ఆత్మను గూర్చి' అను తన గ్రంథములో సరిగా ఈ ప్రశ్ననే చేపట్టెను. కాలము తీరకముందు చనిపోయినవారును, బలవంతపు చావు చచ్చినవారును తిరుగులాడుదురను మాటను ఆయన త్రోసివేసి, చనిపోయినవారి పేరు చెప్పుకొని మోసగించునవి దురాత్మలే అని వాదించెను.

ఏన్దోరులో సౌలు కర్ణపిశాచముగల స్త్రీయొద్దకు వెళ్లిన సంగతి (1 సమూయేలు 28) ఇక్కడ తప్పక ప్రస్తావనకు వచ్చును. వచ్చినది నిజముగా సమూయేలేనా? ఆదిసంఘ పండితులు ఈ విషయములో ఏకీభవింపలేదు. 3వ శతాబ్దపు ఓరిగెను సమూయేలే అనెను. 4వ శతాబ్దపు అంతియొకయ ఎవుస్తాతియు దానిని ఖండించుచు ఒక గ్రంథమే వ్రాసెను. ఆ వాదము ఏ ప్రక్కకు తీరినను, చనిపోయినవారిని విచారించుట వాక్యము నిషేధించినది (ద్వితీయోపదేశకాండము 18:10-12) అను సంగతి మారదు. మరియొక సంగతియు గమనింపవలెను. ఆ రాత్రి సౌలు పగలంతయు రాత్రి అంతయు భోజనము చేయనివాడు, భయముచేత బలము ఉడిగినవాడు. అధ్యాయము ముగియుచున్నప్పుడు అతనికి రొట్టె కాల్చిపెట్టి లేపినది ఆ స్త్రీయే. భయము, ఆకలి, నిద్రలేమి మనిషిని ఎక్కడికి నడిపించునో ఆ అధ్యాయము చూపుచున్నది.

అన్యాయముగా చనిపోయినవారిని గూర్చి వాక్యము మౌనముగా లేదు. ఆదికాండము 4:10లో హేబెలు దయ్యమై కయీనును పట్టలేదు. అతని రక్తము నేలలోనుండి దేవునికి మొరపెట్టెను. ఆ హత్య తరువాత దేవుడు కయీనును అడిగిన మొదటి ప్రశ్న అతని తమ్ముని గూర్చినది. మన ప్రజల కథలో చనిపోయినవాడు బ్రదికినవారిని భయపెట్టును. వాక్యములో చనిపోయినవాని పక్షమున దేవుడు బ్రదికినవారిని లెక్క అడుగును. ఈ రెండింటి మధ్య దూరము చాల గొప్పది.

కాబట్టి "ఆ బారులో ఒకడు చనిపోయెను" అను మాట వినగానే కాపరి అడుగవలసిన మొదటి ప్రశ్న "ఆత్మ కనబడెనా?" అని కాదు, "చనిపోయినది ఎవరు? అతని పేరేమి? ఎట్లు చనిపోయెను? అతని ఇంటివారికి ఎవరైన కబురు చెప్పిరా?" అని. బారులలో వడ్డించువారు, వంటవారు, కాపలావారు చాలమంది దూరపు జిల్లాలనుండియు ఇతర రాష్ట్రములనుండియు పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. అట్టివాడొకడు కరెంటు తగిలియో, మెట్లమీదనుండి పడియో చనిపోయినప్పుడు దయ్యము కథ పుట్టినయెడల, కొన్ని నెలలకు మనిషి మరువబడి దయ్యము మాత్రమే మిగులును. నష్టపరిహారము అడుగువాడు ఉండడు. పేరులేని దయ్యము యజమానునికి భారము కాదు. పేరుగల మృతుడే భారము.

4. స్థలమా, మనిషియా?

సువార్తలలో ప్రభువు దయ్యములను వెళ్లగొట్టిన ప్రతి సందర్భమును వరుసగా చదివిన విద్యార్థికి ఒక సంగతి స్పష్టమగును: ఆయన వాటిని మనుష్యులలోనుండి వెళ్లగొట్టెను, కట్టడములలోనుండి కాదు. అపవిత్రాత్మ విడిచిన 'ఇల్లు' ఊడ్చి అమర్చబడి ఖాళీగా ఉండుటను గూర్చి ఆయన చెప్పిన మాటలో (మత్తయి 12:43-45) కూడ ఇల్లు అనగా మనిషియే.

గెరాసేనుల దేశపువాడు (మార్కు 5) సమాధులలో నివసించెను. మన వాడుకలో చెప్పవలెనన్న, దయ్యముల పేరు మోసిన స్థలము అది. అయితే ప్రభువు సమాధులను శుద్ధిచేయలేదు. ఆ మనిషిని ప్రశ్నించెను, విడిపించెను. తరువాత అతడు బట్టలు కట్టుకొని స్వస్థచిత్తుడై కూర్చుండియుండెను. ప్రభువు అతనిని తన ఇంటివారియొద్దకు పంపెను. ఊరివారు ఎన్నిమారులు సంకెళ్లు వేసినను పని జరుగలేదని మార్కు ప్రత్యేకముగా వ్రాయుచున్నాడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన చోట అగ్నిప్రమాదము జరిగి 28 మంది చనిపోయిరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో కట్టుటను నిషేధించినది. దర్గా అయినను, ప్రార్థనా మందిరమైనను ఈ చట్టమునకు మినహాయింపు లేదు.

దురాత్మలు లేవని మేము చెప్పుట లేదు. సువార్తలను నమ్మువారు అట్లు చెప్పలేరు. అయితే మత్తయి 4:24లో దయ్యము పట్టినవారు ఒక వరుసలోను, చాంద్రరోగులు, పక్షవాయువుగలవారు వేరు వరుసలలోను ఉన్నారు. సువార్తికుడు చేసిన ఈ భేదమును సేవకుడు చెరిపివేయరాదు.

5. బారులో కన్నులకు కనబడునవి

ఇప్పుడు ఆ యౌవనుని మాటకు తిరిగి వత్తము. గుండెలమీద కూర్చున్నట్లుండుట, కదలలేకపోవుట, గదిలో ఎవరో ఉన్నట్లు తోచుట అనునవి వైద్యులు ఎరిగిన నిద్ర పక్షవాతపు లక్షణములు. మెలకువ వచ్చినను శరీరము ఇంకను నిద్రలోనే ఉండుట దీనికి కారణము. నిద్ర వేళలు చెడినవారికి ఇది తరచుగా కలుగును. బారు మూసి, బల్లలు తుడిచి, తెల్లవారుజామున పడుకొని, మరల పగలే లేచువానికి ఇది కలుగుట వింత కాదు.

రెండవది గాలి. 1921లో విల్మర్ అను అమెరికా కంటివైద్యుడు ఒక కుటుంబపు అనుభవమును వైద్యపత్రికలో ప్రచురించెను. వారి ఇంటిలో అడుగుల చప్పుడు, వింత రూపములు, తలనొప్పి, దిగులు ఉండెను. చివరకు పాడైన పొయ్యినుండి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ దీనికి కారణమని తేలెను. ఆ వాయువునకు రంగు, వాసన లేవు. అది ప్రాణము తీయగలదు. సెల్లారులో డీజిల్ జనరేటరు, మూసిన వంటగదిలో బొగ్గుల పొయ్యి ఉన్న చోట, అక్కడ పడుకొనువారందరికి తలనొప్పి, భయము కలుగుచున్న యెడల, ముందు కిటికీ తెరువవలెను.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మద్యము. సామెతలు 23:29-35 త్రాగుబోతును వర్ణించుచు, వాని కన్నులకు విపరీతమైనవి కనబడునని చెప్పుచున్నది. త్రాగుచున్నప్పుడే కాదు, మానినప్పుడు కూడ ఇది జరుగును. ఏండ్ల తరబడి అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, సాధారణముగా 2 నుండి 4 రోజులలో చేతులు వణకుట, చెమటలు పట్టుట, తికమక, లేని మనుష్యులును పురుగులును కనబడుట, కేకలు వేయుట సంభవింపవచ్చును. మూర్ఛలు ఇంకను ముందే రావచ్చును. చికిత్స లేనియెడల మరణము కలుగవచ్చును. మత్తుమందులు కలిపిన కల్తీకల్లు అలవాటైనవారికిని ఇట్టి ప్రమాదమే ఉన్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు మూయబడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారు గుంపులుగా వచ్చిరి.

ఇక్కడనే సేవకుడు ఒక ప్రాణమును కాపాడవచ్చును, పోగొట్టవచ్చును. ఒక త్రాగుబోతు కూటములో ఒప్పింపబడి, ఆ రాత్రియే సీసా పగులగొట్టి, ఉపవాస ప్రార్థనకు కూర్చుండెననుకొందము. మూడవ దినమున అతడు గోడమీద ఏదో చూచి అరచును. "దయ్యము బయటపడుచున్నది" అని చుట్టును చేరి, నీరు కూడ ఇయ్యక, రాత్రంతయు గద్దించినయెడల, తెల్లవారుసరికి అతడు చనిపోవచ్చును. మారుమనస్సు నిజమైనది, వణకుడును నిజమైనది. అతనిని ఆసుపత్రికి తీసికొనిపోవుట మారుమనస్సును సందేహించుట కాదు, దానిని బ్రదికించుకొనుట.

6. కాపరి చేయదగినది

ఆ బారునకు వెళ్లవలెనా? వెళ్లవలెననియే మా మనవి. సుంకరులతో భోజనము చేసిన ప్రభువు శిష్యునికి బారు గడప అంటరానిది కాదు. అయితే ఈ క్రమము పాటించుట మేలు.

మొదట, కానుక తీసికొనరాదు. స్కెవ కుమారులు (అపొస్తలుల కార్యములు 19:13-16) యేసు నామమును మంత్రముగా వాడి గాయపడి పారిపోయిరి. నూనెసీసా నిమ్మకాయలదండకు బదులుగా వ్రేలాడదీయు వస్తువైనయెడల మనము భయమును తీసివేయలేదు, దాని పేరు మాత్రమే మార్చితిమి.

రెండవది, అక్కడ పడుకొనువారితో ఒక్కొక్కరితో మాటలాడవలెను: ఎన్ని గంటలు నిద్రపోవుచున్నారు? గాలి ఆడుచున్నదా? ఈమధ్య త్రాగుట మానినవారు ఎవరు? చికిత్స అవసరమైనవారిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వణకుడు, మూర్ఛ, తికమక కనబడినయెడల 108కి ఫోను చేయవలెను. మానసిక వేదన విషయములో ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ వారిని 14416 నంబరులో ఉచితముగా సంప్రదింపవచ్చును.

మూడవది, చనిపోయినవాని పేరు తెలిసికొనవలెను. అతని ఇంటివారికి కబురు, రావలసిన జీతము, పరిహారము అందెనా అని విచారింపవలెను.

నాలుగవది, ప్రార్థన చేయవలెను. గోడలమీద కాక, వారితో కలిసి, వారి పేరులు ఎత్తి. బలహీనమైన మనస్సాక్షిగలవారిని గూర్చి పౌలు బోధించినది (1 కొరింథీయులకు 8) ఇక్కడను వర్తించును. విగ్రహము వట్టిదని ఎరిగినవాడు ఆ జ్ఞానముతో సహోదరుని కించపరచరాదు. భయపడువానిని నవ్వక, వాని భయమునకు దాసుడు కాక, వాని ప్రక్కన కూర్చుండవలెను. అవసరమైనయెడల ఒక రాత్రి ఆ పై అంతస్తులో వానితోకూడ ఉండుట ఎన్నో ప్రసంగములకంటె ఎక్కువ బోధించును.

ముగింపు

శిష్యులు భూతమనుకొని వణకినప్పుడు ప్రభువు వారిని వెక్కిరింపలేదు. నీళ్లమీద మాటలాడి ధైర్యపరచెను. మేడగదిలో చేతులు కాళ్లు చూపి, వారియెదుట చేప తినెను. తాను నీడ కాదని, శరీరముగల మనిషినని వారికి తెలియజేసెను. ఆయనను ప్రకటించు మనము కూడ మాదాపూర్ బారు పై అంతస్తులో నీడను కాక మనిషిని వెదకవలెను: నిద్రలేనివానిని, వణకుచున్నవానిని, పేరు మరువబడిన మృతుని ఇంటివారిని. వారిని కనుగొన్న కాపరి దయ్యమును గూర్చిన ప్రశ్నకు కూడ చాలవరకు జవాబు చెప్పినవాడగును.